‘వేడి చేసింది’ అనుకున్న మంట కిడ్నీ దాకా ఎలా పాకుతుంది?

ఎండలు ముదిరాయంటే విజయవాడ, గుంటూరు ఇళ్లలో మూత్రంలో మంటకు ఒకటే పేరు: వేడి చేసింది. బార్లీ నీళ్లు కాస్తారు, సబ్జా గింజలు నానబెడతారు, కొబ్బరి బోండాం తెప్పిస్తారు. చాలాసార్లు రెండు రోజుల్లో మంట సర్దుకుంటుంది కూడా. కొందరికి మాత్రం మూడో రోజుకో నాలుగో రోజుకో నడుము పైభాగంలో ఒక పక్కన పోటు మొదలవుతుంది. సాయంత్రానికి దుప్పట్లు కప్పినా ఆగని వణుకుతో జ్వరం వస్తుంది. అప్పుడు పేరు మారిపోతుంది. వైరల్ అంటారు, మలేరియా అంటారు, వైడాల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అంటారు. మొన్నటి మంటకూ ఇవాళ్టి జ్వరానికీ ముడి ఉందన్న సంగతి ఆ హడావిడిలో ఎవరికీ తట్టదు.

ఆ ముడే కిడ్నీ ఇన్ఫెక్షన్. వైద్య భాషలో పైలోనెఫ్రైటిస్. వేళకు గుర్తిస్తే మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బు ఇది. ఆలస్యమైతే రక్తంలోకి పాకి ప్రాణం మీదికి తెస్తుంది. ఏది జరుగుతుందన్నది చాలావరకు మొదటి రెండు మూడు రోజుల్లోనే తేలుతుంది.

క్లుప్తంగా

మూత్రంలో మంటతో పాటు చలిజ్వరం, పక్క నడుము నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా వెళ్లి ఉండవచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించాలి. యాంటీబయాటిక్ మొదటి మోతాదు పడకముందే మూత్రం కల్చర్ పరీక్షకు, అంటే ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు ఇవ్వాలి. మందు మొదలయ్యాక 48 నుంచి 72 గంటల్లో జ్వరం దిగకపోతే స్కాన్ తప్పదు. గర్భిణులు, షుగర్ ఉన్నవారు, కిడ్నీలో రాళ్లు ఉన్నవారు, పసిపిల్లలు, వృద్ధుల విషయంలో ఇంట్లో ఆగి చూడటం ప్రమాదం.

ఒకే మాట, రెండు జబ్బులు

ఈ ప్రాంతంలో ‘కిడ్నీ జబ్బు’ అనగానే గుండె గుభేలుమనడానికి కారణం ఉంది. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలంలోని తండాల్లో, అటు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏళ్ల తరబడి మనుషుల్ని డయాలసిస్ పాలు చేస్తున్న జబ్బు అందరికీ తెలుసు. అది దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి. నొప్పి లేకుండా, జ్వరం లేకుండా ఏళ్లపాటు వడపోత శక్తిని హరిస్తుంది.

కిడ్నీ ఇన్ఫెక్షన్ దారి వేరు. ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చేది, గంటల్లో రోజుల్లో ముదిరేది. నొప్పితో, జ్వరంతో తన ఉనికిని తానే చాటుకుంటుంది. మామూలు కిడ్నీలున్న పెద్దవారికి ఒకసారి వచ్చి సరైన చికిత్సతో తగ్గితే సాధారణంగా శాశ్వత నష్టం మిగలదు. రిపోర్టులో ‘ఇన్ఫెక్షన్’ అని చూసి ఇక డయాలసిసే గతి అని టెన్షన్ పడనక్కర్లేదు. అలాగని తేలిగ్గా తీసుకునే జబ్బూ కాదు. రాళ్లు, మూత్రం వెనక్కి తన్నడం, మగవారిలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి వాపు లాంటి అడ్డంకులున్న చోట ఇది పదేపదే వస్తే కిడ్నీలో మచ్చలు పడతాయి, నెమ్మదిగా పనితనం తగ్గుతుంది. రెండు జబ్బులూ కలిసే చోటు అది.

కింది నుంచి పైకి

ఎక్కువ కేసుల్లో దోషి ఈ.కోలై అనే బ్యాక్టీరియా. ఇతర ఇబ్బందులేవీ లేని మూత్ర ఇన్ఫెక్షన్లలో నూటికి 75 నుంచి 90 దాని వల్లే. ఇది బయటి నుంచి వచ్చిపడేదేమీ కాదు, మన పేగుల్లోనే కాపురముంటుంది. అక్కడున్నంత కాలం గొడవ లేదు. మలద్వారం పరిసరాల నుంచి మూత్రం బయటికి వచ్చే దారిలోకి చేరినప్పుడే చిక్కు.

ఆ దారి పొడవు ఆడవారిలో సుమారు 4 సెంటీమీటర్లు, మగవారిలో దాదాపు 20. ఆడవారికి ఈ ఇన్ఫెక్షన్లు ఎక్కువ రావడానికి ప్రధాన కారణం ఈ కొలతే తప్ప శుభ్రత లేకపోవడం కాదు. పెళ్లయిన కొత్తలో కొందరికి మూత్రంలో మంట రావడం వెనక ఉన్నదీ ఇదే శరీర నిర్మాణం. కలయిక సమయంలో బ్యాక్టీరియా ఆ చిన్న దారిలోకి సులువుగా నెట్టుకుపోతుంది. కొత్త కోడళ్లు సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక జ్వరం వచ్చేదాకా ఓర్చుకోవడం ఇప్పటికీ ఉంది.

మూత్రాశయం చేరిన బ్యాక్టీరియాను శరీరం చాలాసార్లు మూత్రంతోనే కడిగేస్తుంది. ఈ.కోలైలో కొన్ని రకాలకు ఒంటి నిండా సన్నని నూగు లాంటి పోగులుంటాయి. వాటితో లోపలి పొరను అంటిపెట్టుకుని ప్రవాహానికి కొట్టుకుపోకుండా నిలుస్తాయి. అక్కడే ఆగితే అది మూత్రాశయ ఇన్ఫెక్షన్. మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో లాగినట్టుండటం ఉంటాయి, జ్వరం ఉండదు. అక్కడి నుంచి కిడ్నీకి పోయే గొట్టం, అంటే మూత్రనాళం, పాతిక ముప్పై సెంటీమీటర్లుంటుంది. అది మూత్రాశయం గోడలోకి ఏటవాలుగా దిగుతుంది కాబట్టి మూత్రాశయం నిండినప్పుడు దానంతటదే నొక్కుకుని మూసుకుపోతుంది. ఈ సహజమైన తలుపు సరిగా పడకపోయినా, నాళం సాగి వదులైనా, రాయి అడ్డుపడి మూత్రం నిలిచిపోయినా బ్యాక్టీరియాకు పైకి దారి దొరుకుతుంది.

కిడ్నీలోకి చేరాక కథ మారుతుంది. గుండె నుంచి వచ్చే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. అంత రక్తం పారే చోట చేరిన బ్యాక్టీరియా రక్తంలోకి దిగడం ఎంతసేపు? చలితో వణుకు పుట్టించే జ్వరం ఆ పోరాటానికి గుర్తు.

ఎండ, నీళ్లు, బాత్రూమ్

‘వేడి చేసింది’ అన్న మాట పూర్తిగా తప్పనీ అనలేం. రెంటచింతల మొదలుకొని బెజవాడ దాకా వేసవిలో 40 డిగ్రీలు దాటే నేల ఇది. చెమట రూపంలో నీరు పోతుంది, మూత్రం తగ్గి చిక్కబడుతుంది, ముదురు పసుపు రంగులో చురుక్కుమంటూ వస్తుంది. ఇన్ఫెక్షన్ లేకుండానే కాస్త మంట ఉండవచ్చు, నీళ్లు తాగితే తగ్గుతుంది. చిక్కు ఏమిటంటే ఇన్ఫెక్షన్ మంట కూడా మొదట్లో అచ్చం అలాగే ఉంటుంది. పైగా మూత్రం తగ్గితే బ్యాక్టీరియాను కడిగేసే ప్రవాహమూ తగ్గుతుంది. రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది.

గుంటూరు చుట్టుపక్కల మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లను చూస్తే ఈ లెక్క అర్థమవుతుంది. ముక్కుకు చీర కొంగు చుట్టుకుని, కాయల కుప్ప ముందు పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే లేవడం. ఎంత బరువు తీస్తే అంత కూలి. బాత్రూమ్ దూరంగా ఉంటుంది, ఉన్నా తలుపుకు గొళ్లెం ఉండదు. అందుకని ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో నీళ్లు మధ్యాహ్నం దాకా సగం కూడా తగ్గవు. తాగితే వెళ్లాలి, వెళ్లాలంటే చోటు లేదు. ఇక్కడ తాగకపోవడం అలవాటు కాదు, లెక్క వేసుకుని చేస్తున్న పని. విజయవాడ బీసెంట్ రోడ్డు బట్టల షాపుల్లో రోజంతా నిలబడి చీరలు పరిచే అమ్మాయిలకూ, బాత్రూమ్ సరిగా లేని బడుల్లో చదివే ఆడపిల్లలకూ ఇదే తిప్పలు. ‘నీళ్లు బాగా తాగండి’ అన్న సలహా వీళ్లకు చెప్పేముందు వెళ్లే చోటు చూపించాలి.

నీళ్ల ప్రభావం ఎంత అన్నదానికి ఒక మంచి కొలత ఉంది. మాటిమాటికీ మూత్రాశయ ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే 140 మంది స్త్రీలపై జరిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. రోజూ అదనంగా ఒకటిన్నర లీటరు నీళ్లు తాగినవారికి ఏడాదిలో సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, ఎప్పటిలాగే తాగినవారికి 3.2 సార్లు వచ్చింది. నీళ్లు రాకుండా కాపాడతాయి. వచ్చి కిడ్నీ ఎక్కిన ఇన్ఫెక్షన్‌ను మాత్రం నీళ్లు దించలేవు. బార్లీ నీళ్లకైనా, కొండపిండి ఆకు కషాయానికైనా ఇదే హద్దు.

గుంటూరు కారం సంగతీ చెప్పుకోవాలి. కారం తినడం వల్ల మూత్రంలోకి బ్యాక్టీరియా రాదు. అప్పటికే వాచిన మూత్రాశయాన్ని కారం మరింత చురచురలాడించినట్టు కొందరికి అనిపిస్తుంది, అంతవరకే.

జ్వరానికి వేరే పేరు పెట్టకముందు

మూత్రాశయానికీ కిడ్నీకీ మధ్య గీత గీసేవి మూడు: వణుకుతో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం; చివరి పక్కటెముక, వెన్నుపూస కలిసే మూల దగ్గర నొప్పి; వికారం, వాంతులు. డాక్టరు ఆ మూలలో పిడికిలితో మెల్లగా తడితే రోగి ఉలిక్కిపడతాడు. బరువులెత్తి పట్టేసిన నడుము నొప్పి వంగినప్పుడు, తిరిగినప్పుడు ఎక్కువవుతుంది. కిడ్నీ నొప్పికి అలాంటి తేడా పెద్దగా ఉండదు, ఎటు ఒత్తిగిలినా ఊరట దొరకదు.

కిడ్నీ ఇన్ఫెక్షన్‌లో మూత్రంలో మంట తప్పనిసరిగా ఉండాలని లేదు. అందుకే వానాకాలం జ్వరాల సీజన్లో ఇది గుంపులో కలిసిపోతుంది. అప్పుడు డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్ అన్నీ తిరుగుతుంటాయి. వైడాల్ పరీక్ష అయితే పాత టైఫాయిడ్ వల్లో, టీకా వల్లో, మరో ఇన్ఫెక్షన్ వల్లో కూడా పాజిటివ్ చూపగలదు. ఆ ఒక్క కాగితం చూసి ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని నాలుగు ఇంజెక్షన్లు వేయించుకుంటే అసలు జబ్బు సగం అణిగి, సగం దాగి మిగిలిపోతుంది. వణుకుతో జ్వరం వచ్చిన ప్రతిసారీ రక్త పరీక్షలతో పాటు మూత్రం పరీక్ష కూడా చేయించడం చవకైన జాగ్రత్త.

వృద్ధుల్లో లక్షణాలు మరీ మోసం చేస్తాయి. జ్వరం పెద్దగా ఉండదు, మాట తడబడుతుంది, ఉన్నట్టుండి మగతగా పడుకుంటారు, అన్నం ముట్టరు. దానికి వయసు మీద పడిందని పేరు పెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒక చిన్న డబ్బా

ఈ జబ్బులో అన్నింటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసేదీ, ఎక్కువమంది వదిలేసేదీ ఒకటే: యాంటీబయాటిక్‌కు ముందు మూత్రం కల్చర్.

మామూలు మూత్ర పరీక్ష గంటలో వస్తుంది. పస్ సెల్స్ (చీము కణాలు) పెరిగాయా, బ్యాక్టీరియా ఉనికికి గుర్తయిన నైట్రైట్ ఉందా అని చెబుతుంది. ఇన్ఫెక్షన్ ఉందని అనుమానించడానికి అది చాలు. ఏ బ్యాక్టీరియా, దానికి ఏ మందు పనిచేస్తుంది అన్నది మాత్రం చెప్పలేదు. కల్చర్ ఆ రెండూ చెబుతుంది. కొన్ని వందల రూపాయలు, రెండు మూడు రోజుల సమయం పడుతుంది. రిపోర్టులో మందుల పేర్ల పక్కన ఎస్ అని ఉంటే ఆ మందు పనిచేస్తుంది, ఆర్ అని ఉంటే చేయదు. ఒక్క యాంటీబయాటిక్ మాత్ర పడ్డాక శాంపిల్ ఇస్తే బ్యాక్టీరియా లోపల ఉన్నా ల్యాబ్ ప్లేటు మీద పెరగకపోవచ్చు. ‘నో గ్రోత్’ అని వచ్చిన కాగితం చూసి ఇన్ఫెక్షన్ లేదనుకుంటారు. ప్రాణాపాయ స్థితిలో రిపోర్టు కోసం మందు ఆపరు. శాంపిల్ తీసుకుని వెంటనే మందు మొదలుపెడతారు. ఆగాల్సింది రెండు నిమిషాలే.

శాంపిల్ ఇచ్చే తీరులోనూ పొరపాట్లు జరుగుతాయి. నీళ్లతో శుభ్రం చేసుకుని, మొదట వచ్చే మూత్రం వదిలేసి, మధ్యలో వచ్చేది ల్యాబ్ ఇచ్చిన మూత డబ్బాలో పట్టాలి. డబ్బా లోపల వేలు తగలకూడదు. ఇంట్లో పొద్దున పట్టి, బండి డిక్కీలో పెట్టి, పదకొండింటికి సూర్యారావుపేటలో ల్యాబ్‌కు ఇస్తే ఏమవుతుంది? అనుకూలమైన వెచ్చదనంలో ఈ.కోలై ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. పట్టినప్పుడు లెక్కలోకి తీసుకోనంత కొద్దిగా ఉన్నవి ఎండకు బండిలో పెరిగి లేని ఇన్ఫెక్షన్‌ను చూపిస్తాయి. గంట రెండు గంటల్లో అందించాలి, లేదంటే ఫ్రిజ్‌లో ఉంచాలి. ల్యాబ్ దగ్గరే పట్టి ఇవ్వడం అన్నిటికన్నా మేలు.

మరొక సంగతి. పస్ సెల్స్ నిండుగా ఉండి కల్చర్‌లో పదేపదే ఏమీ పెరగకపోతే కిడ్నీ టీబీని అనుమానించాలి. టీబీ క్రిమి మామూలు కల్చర్‌లో పెరగదు.

మందు ఎందుకు మారుతోంది

“మూత్రం మంటగా ఉందండీ, ఏదైనా ఇవ్వండి” అని మెడికల్ షాపులో అడిగితే సాధారణంగా చేతికి వచ్చేవి రెండు: ఒక తియ్యటి సిట్రేట్ సిరప్, నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు. సిరప్ మూత్రంలో ఆమ్లం తగ్గించి మంట తగ్గిస్తుంది, బ్యాక్టీరియాను చంపదు. పైగా నైట్రోఫ్యురాంటోయిన్ లాంటి మందు ఆమ్ల మూత్రంలోనే బాగా పనిచేస్తుంది, కాబట్టి రెండూ కలిపితే ఒకటి మరొకదానికి అడ్డు. మాత్రలు నాలుగే కావడంతో లొంగే బ్యాక్టీరియా చచ్చి మొండివి మిగలవచ్చు.

ఆ మొండితనం ఇప్పుడు ఎంత దూరం వచ్చిందో భారత వైద్య పరిశోధన మండలి ఏటా ఇచ్చే నివేదికలు చెబుతున్నాయి. దేశంలో పెద్ద ఆసుపత్రుల నుంచి సేకరించిన ఈ.కోలైలో సగానికి మించి సిప్రోఫ్లోక్సాసిన్‌కూ, సెఫొటాక్సిమ్ తరహా మందులకూ లొంగడం లేదు. ఒకప్పుడు కళ్లు మూసుకుని రాసిన మందులివి. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, లీవోఫ్లోక్సాసిన్ వంటివి 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరం రిజిస్టరులో రాయాలి. ఈ నియమం షాపుల్లో గట్టిగా అమలైతే సగం సమస్య అక్కడే ఆగుతుంది.

చికిత్సలో మొదట తేల్చుకోవాల్సింది ఇంట్లోనా, ఆసుపత్రిలోనా అన్నది. వాంతులు లేకుండా, బీపీ నిలకడగా ఉండి, వేరే జబ్బులు లేనివారికి నోటి మాత్రలు సరిపోతాయి. మాత్ర కడుపులో నిలవనివారిని, బీపీ పడిపోతున్నవారిని, గర్భిణులను చేర్చుకుని నరంలోకి మందు ఎక్కిస్తారు. సెఫ్ట్రియాక్సోన్, అమికాసిన్, పైపెరాసిలిన్ టాజోబాక్టమ్, మరీ అవసరమైతే మెరోపెనెమ్ కోవలోవి వాడతారు. అమికాసిన్ కిడ్నీకే భారం కాగలదు కనుక కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చూసుకుంటూ ఇస్తారు. కల్చర్ వచ్చాక అవసరాన్ని బట్టి చిన్న మందుకు దిగుతారు, లేదా మాత్రలకు మారుస్తారు. మందు మధ్యలో మారిందంటే మొదటి డాక్టరు తప్పు చేశాడని కాదు, రిపోర్టు వచ్చిందని అర్థం.

మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు వాడే నైట్రోఫ్యురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ పొడి కిడ్నీ ఇన్ఫెక్షన్‌కు చాలవు. అవి మూత్రంలో చిక్కగా చేరతాయి గానీ కిడ్నీ కండలో సరిపడా నిలవవు. పక్కింటావిడకు తగ్గిన మందు తనకు తగ్గకపోవడానికి ఇదొక కారణం.

ఎన్ని రోజులు వాడాలన్నది మందును బట్టి 7 నుంచి 14 రోజులు. బాగా కోలుకుంటున్నవారికి 7 రోజులు చాలన్న వైపు ఇటీవలి మార్గదర్శకాలు మొగ్గుతున్నాయి. రెండో రోజు జ్వరం దిగగానే ఆపేయడం మాత్రం ఏ లెక్కలోనూ సరికాదు. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వాడకపోవడం మంచిది. అసలే నీరసించి, నీళ్లు తగ్గి ఉన్న కిడ్నీకి అవి రక్తప్రసరణ తగ్గిస్తాయి. పారాసిటమాల్ చాలు.

దారి మూసుకుపోతే

మూడు రోజులైనా జ్వరం దిగలేదంటే రెండు అనుమానాలు: మందు పనిచేయడం లేదు, లేదా లోపల మూత్రం దారి మూసుకుపోయింది. రాయి అడ్డుపడి, దాని వెనక నిలిచిన మూత్రంలో చీము పడితే ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ అయినా అక్కడికి చేరదు. మూత్రనాళంలోకి డీజే స్టెంట్, అంటే దారి తెరిచి ఉంచే సన్నని గొట్టం వేయాలి, లేదా వీపు నుంచి సన్నని గొట్టం పెట్టి చీము బయటికి తీయాలి. ఇది గంటల్లో జరగాల్సిన పని. రాయిని తీయడం తర్వాత, ఇన్ఫెక్షన్ చల్లారాక. స్టెంట్ వేసి రాయి తీయకుండా పంపించారని బాధపడే కుటుంబాలకు ఈ వరస ముందే వివరించాలి.

షుగర్ అదుపులో లేనివారికి మరో ముప్పు ఉంది. కిడ్నీ కండలో బ్యాక్టీరియా గ్యాస్ తయారుచేసే ఎంఫిసిమాటస్ పైలోనెఫ్రైటిస్ ఎక్కువగా వీరికే వస్తుంది. సీటీ స్కాన్‌లో కిడ్నీ ఉండాల్సిన చోట నల్లని గాలి బుడగలు కనిపిస్తాయి. కొన్నిసార్లు ఆ కిడ్నీని తీసేయాల్సి వస్తుంది.

గర్భిణులు, పసివాళ్లు

గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల మూత్రనాళాలు వదులవుతాయి, పెరిగే గర్భసంచి వాటిని, ముఖ్యంగా కుడివైపు నాళాన్ని, నొక్కుతుంది. మూత్రం నిదానిస్తుంది. నూటికి 2 నుంచి 10 మంది గర్భిణుల మూత్రంలో ఏ లక్షణమూ లేకుండానే బ్యాక్టీరియా ఉంటుంది. మామూలు మనుషుల్లో అలా ఉంటే మందు అక్కర్లేదు, షుగర్ ఉన్నా, వయసు పైబడినా అంతే. గర్భిణుల్లో వదిలేస్తే కొందరిలో అది కిడ్నీకి ఎక్కి నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం తెస్తుంది. అందుకే మొదటి నెలల్లోనే కల్చర్ చేయించి, ఉంటే మందు ఇస్తారు.

మాటలు రాని బిడ్డకు జ్వరం ఒక్కటే గుర్తు. జలుబు, దగ్గు లేకుండా జ్వరం వస్తుంటే, పాలు తాగకుండా ముడుచుకుంటే మూత్రం చూడాలి. జ్వరంతో కూడిన మూత్ర ఇన్ఫెక్షన్ వచ్చిన పసివాళ్లకు అల్ట్రాసౌండ్ చేసి, మూత్రం వెనక్కి తన్నుతోందేమో కనిపెడతారు. బడి వయసు పిల్లల్లో మలబద్ధకం సరిచేస్తేనే ఇన్ఫెక్షన్లు తగ్గిన సందర్భాలు చాలా ఉంటాయి.

మళ్లీ మళ్లీ వస్తుంటే

ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే కారణం వెతకాలి. యాభై దాటిన మగవారిలో ప్రోస్టేట్, ముట్లు ఆగిన ఆడవారిలో హార్మోన్ తగ్గి పొర పలచబడటం, ఎవరికైనా రాళ్లు, షుగర్. ముట్లు ఆగినవారికి యోనిలో వాడే ఈస్ట్రోజన్ క్రీము ఇన్ఫెక్షన్లను తగ్గిస్తుంది. ఇంట్లో సిగ్గుతో అడగరు, డాక్టర్లే చెప్పాలి.

ఇలాంటివారు గవర్నమెంటు జనరల్ ఆసుపత్రికి వెళ్లినా, మంగళగిరి ఎయిమ్స్‌కు వెళ్లినా, వీధి చివరి క్లినిక్‌కు వెళ్లినా వెంట తీసుకెళ్లాల్సిన కాగితం పాత స్కాన్ ఒక్కటే కాదు. కిందటిసారి కల్చర్ రిపోర్టు కూడా ఉండాలి. కొత్త రిపోర్టు రావడానికి రెండు రోజులు పడుతుంది, చలిజ్వరంతో ఉన్న మనిషికి మందు ఈ గంటే మొదలవ్వాలి. ఆ గంటలో ఏ మందు రాయాలో డాక్టరుకు దారి చూపేది పాత కాగితంలోని ఆ ఎస్, ఆర్ అక్షరాలే.